గ్లూఫోసినేట్ కలుపు మందు: పత్తి సాళ్ల మధ్య దాని పనితీరు

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని పురుగు నియంత్రణ ఆపరేటర్లకే పరిమితం చేసిన తర్వాత, మా వైపు పురుగు మందుల దుకాణాల్లో ఆ స్థానంలోకి వచ్చిన మందుల్లో గ్లూఫోసినేట్ అమ్మోనియం 13.5 శాతం ఎస్‌ఎల్ (నీళ్లలో కరిగే ద్రవం) ఒకటి. దీన్ని ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మా పత్తి చేనులో, సాళ్ల మధ్య మాత్రమే కొట్టించి చూశాను. పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయిన ఈ మందును చాలా కంపెనీలు అదే శాతంలో అమ్ముతున్నాయి కనుక ఫలానా కంపెనీ సీసా అని చెప్పడం అనవసరం. ఈ సమీక్ష మందు గురించే. నా అభిప్రాయం ముందే చెబుతాను. రెండు మూడు ఆకుల నుంచి జానెడు ఎత్తు లోపు ఉన్న వెడల్పాకు కలుపు మీద, మంచి ఎండ ఉన్న రోజున ఇది పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది. తుంగ, గరికలను నిర్మూలించడానికని కొంటే మాత్రం డబ్బు వృథా. ఈ రెండింటికీ మూలం ఒకటే ఉంది. మొక్క తన ఒంట్లో క్షణక్షణం పుట్టే అమ్మోనియాను ఎలా పట్టుకుని మళ్లీ వాడుకుంటుందో తెలిస్తే, ఈ మందు ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు చేయదో చాలావరకు ముందే ఊహించవచ్చు. సీసాతో వచ్చే కరపత్రంలో ఆ సంగతి ఒక్క ముక్క కూడా లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

యూరియా చల్లే మనకు అమ్మోనియా అంటే పంటకు బలం అనే తెలుసు. నేలలో యూరియా ముందు అమ్మోనియంగానూ, ఆ తర్వాత సూక్ష్మజీవుల వల్ల చాలావరకు నైట్రేట్‌గానూ మారుతుంది. మెట్ట చేలలో పత్తి వేరు ఎక్కువగా పీల్చుకునేది ఈ నైట్రేట్‌నే. మొక్క దాన్ని కణద్రవంలో నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను హరితరేణువులో తిరిగి అమ్మోనియంగా మారుస్తుంది. కానీ పగటి పూట ఆకులో పుట్టే అమ్మోనియాలో పెద్ద వాటా ఇలా కొత్తగా నేల నుంచి వచ్చినది కాదు. కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవలసిన రుబిస్కో అనే ఎంజైము అప్పుడప్పుడు పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఈ పొరపాట్లు పెరుగుతాయి. అలా ఏర్పడిన పనికిరాని పదార్థాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి మొక్క చేసే సుదీర్ఘమైన పనినే కాంతి శ్వాసక్రియ అంటారు. ఆ దారిలో, మైటోకాండ్రియాలో రెండు గ్లైసిన్ అణువులు కలిసి ఒక సెరిన్ అణువు ఏర్పడేటప్పుడు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుతో పాటు ఒక అమ్మోనియా అణువు విడుదలవుతుంది. పత్తి, వరి, వేరుశనగ వంటి, కాంతి శ్వాసక్రియ ఎక్కువగా ఉండే సీ3 రకం మొక్కల ఆకుల్లో ఇలా పుట్టే అమ్మోనియా, నైట్రేట్ నుంచి కొత్తగా తయారయ్యే అమ్మోనియాకు కొన్ని రెట్లు, ఒక్కోసారి పది రెట్ల దాకా ఉంటుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ముదురు ఆకుల్లో మాంసకృత్తులు విచ్ఛిన్నమైనప్పుడూ, కాండం గట్టిపడడానికి లిగ్నిన్ తయారయ్యే తొలి మెట్టులోనూ కొంత పుడుతుంది గాని, ఎండ వేళ ఆకులో అసలు ప్రవాహం మొదట చెప్పినదే.

ఇంత అమ్మోనియాను మొక్క నిలవ ఉంచుకోలేదు. వాయు రూపంలోని అమ్మోనియా కణ పొరల గుండా సులభంగా జారిపోగలదు. హరితరేణువు లోపలి పొరలకు రెండు వైపులా ఉండవలసిన ప్రోటాన్ల తేడాను అది చెరిపేస్తుంది, ఆ తేడా లేకపోతే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం తయారీ కుంటుపడుతుంది. దాన్ని బయటికి వదిలేసినా నష్టమే, ఎందుకంటే నత్రజని మొక్కకు ఎంతో శ్రమ మీద దొరికే పోషకం. అందువల్ల గ్లుటమిన్ సింథటేజ్ అనే ఎంజైము ఒక ఏటీపీని ఖర్చు చేసి, గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లానికి అమ్మోనియాను తగిలించి గ్లుటమిన్‌గా మారుస్తుంది. ఆ పక్కనే ఉండే మరో ఎంజైము, గ్లుటమేట్ సింథేజ్, ఆ గ్లుటమిన్‌లోని నత్రజనిని ఆక్సోగ్లుటరేట్ అనే కార్బన్ పదార్థానికి అందించి రెండు గ్లుటమేట్లను తయారు చేస్తుంది. వాటిలో ఒకటి తర్వాతి అమ్మోనియా అణువును పట్టుకోవడానికి వెనక్కి వెళ్తుంది. రెండోది మాంసకృత్తులకూ, పత్రహరితానికీ, మొక్కకు కావలసిన తక్కిన నత్రజని పదార్థాలన్నిటికీ మూలధనమవుతుంది. విషాన్ని తొలగించడమూ ఎరువును వాడుకోవడమూ ఒకే చర్యలో జరిగిపోతున్నాయి, అమ్మోనియాకని వేరే పారుదల దారి ఏదీ లేదు.

ఈ దారి ఇలా ఉందని తెలిసి ఎక్కువ కాలం కాలేదు. మొక్కలు గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్ అనే మరో ఎంజైము ద్వారా అమ్మోనియాను నేరుగా గ్లుటమేట్‌లోకి చేర్చుకుంటాయని 1970ల మొదటి వరకు అనుకునేవారు. కానీ ఆ ఎంజైముకు అమ్మోనియా మీద పట్టు చాలా తక్కువ; అది చురుగ్గా పనిచేయాలంటే కణంలో అమ్మోనియా ప్రమాదకరమైన స్థాయికి చేరి ఉండాలి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రానికి చెందిన పీటర్ లీ, బెన్ మిఫ్లిన్ 1974లో హరితరేణువులో గ్లుటమేట్ సింథేజ్‌ను చూపించడంతో, అతి తక్కువ అమ్మోనియాను కూడా పట్టుకోగల జంట ఎంజైముల దారి వెలుగులోకి వచ్చింది. దీనికన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సాక్ష్యం 1980లలో అక్కడే బార్లీ మీద జరిగిన పనిలో దొరికింది. హరితరేణువులోని గ్లుటమిన్ సింథటేజ్ లోపించిన బార్లీ మొక్కలను కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా నింపిన గదిలో పెంచితే, మామూలు మొక్కల్లాగే పెరిగాయి, ఎందుకంటే అక్కడ కాంతి శ్వాసక్రియ దాదాపు ఆగిపోతుంది. అవే మొక్కలను మామూలు గాలిలోకి తెస్తే ఆకులు పాడైపోయాయి. నైట్రేట్ నుంచి వచ్చే అమ్మోనియాను కణద్రవంలో ఉండే రెండో రకం గ్లుటమిన్ సింథటేజ్ ఎలాగో సర్దుకోగలిగినా, కాంతి శ్వాసక్రియ వదిలే అమ్మోనియా ముందు అది నిలవలేకపోయింది. కలుపు మందు చర్చలో ఈ ప్రయోగం ఎందుకు ముఖ్యమంటే, గ్లూఫోసినేట్ సీసా చేనులో చేసే పని ఆ బార్లీ మొక్కలో జన్యులోపం చేసిన పనిలాంటిదే. తేడా ఒక్కటే, ఈ మందు రెండు రకాల గ్లుటమిన్ సింథటేజ్‌నూ ఆపేస్తుంది.

మందు పుట్టుక కూడా నేల నుంచే. స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా తయారు చేసే ఫాస్ఫినోత్రిసిన్ అనే పదార్థాన్ని 1970ల తొలి ఏళ్లలో జర్మనీలో ఒక బృందమూ, జపాన్‌లో మరొక బృందమూ విడివిడిగా కనుగొన్నాయి. జర్మనీకి చెందిన హోక్స్ట్ కంపెనీ దాన్ని కృత్రిమంగా తయారు చేసి, గ్లూఫోసినేట్ కలుపు మందుగా 1984లో బజారులోకి తెచ్చింది. ఫాస్ఫినోత్రిసిన్ ఆకారంలో గ్లుటమేట్‌ను పోలి ఉంటుంది. గ్లుటమిన్ సింథటేజ్ దాన్ని గ్లుటమేట్ అనుకుని తనలోకి తీసుకుంటుంది, ఏటీపీ నుంచి ఫాస్ఫేట్‌ను దానికి తగిలిస్తుంది, ఆ తర్వాత దాన్ని వదిలిపెట్టలేక శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. కొద్ది గంటల్లోనే ఆకులో అమ్మోనియా పేరుకుపోవడం మొదలవుతుంది.

కలుపు చచ్చేది ఆ అమ్మోనియా వల్లనేనని చాలా కాలం పాఠాల్లో చెప్పారు, ఇప్పటికీ వ్యవసాయ సలహా పత్రాల్లో అలాగే కనిపిస్తుంది. ఆ వివరణలో కొంతే నిజం ఉంది. కాంతి శ్వాసక్రియ ఆగిపోయేంత కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిలో మందు కొట్టిన ఆకుల్లో అమ్మోనియా పేరుకున్నా కిరణజన్య సంయోగక్రియ వెంటనే పడిపోలేదని జర్మన్ పరిశోధకులు ముందే గమనించారు. అమ్మోనియా కన్నా గ్లుటమేట్, గ్లుటమిన్‌ల కొరత, దాని వల్ల తెగిపోయిన కార్బన్ చక్రం ఎక్కువ హాని చేస్తున్నాయని వారు భావించారు. అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో టకానో, దయాన్ తదితరులు 2019లో ప్రచురించిన పనిలో చిత్రం మరింత స్పష్టమైంది. గ్లుటమిన్ సింథటేజ్ ఆగిన తర్వాత, ఆకు పట్టుకున్న సూర్యశక్తికి వెళ్లే చోటు లేక అది ఆక్సిజన్ మీదికి మళ్లుతుంది. అలా పుట్టే తీవ్రమైన ఆక్సిజన్ రూపాలు కణ పొరల్లోని కొవ్వును ధ్వంసం చేస్తాయి. ఆకు అంత వేగంగా మాడిపోవడానికి కారణం అదే. అంటే అమ్మోనియా చక్రాన్ని ఆపడం మందు చేసే పని, ఆ తర్వాత మొక్కను చంపేది వెలుగు. కొనేవాడికి ఇది చాలా ఉపయోగపడే తేడా.

ఎందుకంటే వేళ ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. మా దగ్గర కూలీలు ఎండ భయంతో మందు కొట్టే పనిని సాయంత్రానికి వాయిదా వేస్తారు. పురుగు మందుల విషయంలో అది మంచి అలవాటే. గ్లూఫోసినేట్ విషయంలో మాత్రం పొద్దుగూకే ముందు కొట్టిన సాళ్లలో కలుపు పైపైన పసుపెక్కి, వారం తిరిగేసరికి కణుపుల దగ్గర మళ్లీ చిగురించింది. ఉదయం మంచు ఆరిన తర్వాత, ఎండ ఎక్కుతున్న సమయంలో కొట్టిన సాళ్లలో మర్నాటికే ఆకుల మెరుపు పోయి, నీళ్లలో నానినట్టు కనబడి, నాలుగైదు రోజుల్లో గోధుమ రంగుకు తిరిగాయి. విదేశాల్లో జరిగిన పొలం పరీక్షల్లోనూ సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో కొట్టిన మందు మధ్యాహ్నం కొట్టిన మందు కన్నా తక్కువ పనిచేసినట్టు పదే పదే తేలింది. రెండో షరతు గాలిలో తేమ. పొడి గాలిలో చినుకు ఆకు మీద త్వరగా ఆరిపోయి మందు లోపలికి పోదు. వానాకాలం పత్తిలో జూలై, ఆగస్టు నెలల్లో తేమకు కొదవ ఉండదు గాని, ముసురు పట్టిన రోజుల్లో ఎండ ఉండదు. వాన వెలిసి ఆకు ఆరి, ఎండ కాసే రోజు కోసం కాచుకోవాలి. కొట్టిన తర్వాత కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు వాన పడకూడదు. ఈ మూడూ కలిసిన రోజు ఆ రెండు నెలల్లో సులభంగా దొరకదు. మందు మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే, దీనికి కంపెనీలు చేయగలిగింది కూడా ఏమీ లేదు.

కలుపు రకాలను బట్టి ఫలితం ఎలా ఉందో ఇప్పుడు చెబుతాను. గలిజేరు, గంగపాయల, చెంచలి, చిన్న తోటకూర, లేత వయ్యారిభామ పూర్తిగా చచ్చిపోయాయి. వెన్నదేవి కొంత మిగిలింది. దాని ముక్క తడి నేలకు తాకితే మళ్లీ వేరు పోసుకుంటుంది కనుక ఏ మందుతోనైనా అది మొండిదే. ఊద గడ్డి పిలకలు వేయకముందు కొడితే పోయింది, పిలకలు వేసిన దుబ్బులు నడిమి మొవ్వులోంచి మళ్లీ లేచాయి. తుంగ, గరిక ఆకులు అందంగా మాడిపోయాయి. చూసినవాళ్లు పని అయిపోయిందనుకుంటారు. కానీ కొద్ది రోజుల్లోనే తుంగ దుంపల నుంచి, గరిక నేలలోని కాడల నుంచి కొత్త మొలకలు వచ్చాయి. గ్లైఫోసేట్ ఆకు నుంచి చక్కెరతో పాటు దుంపల దాకా ప్రయాణిస్తుంది, ఇది అలా వెళ్లదు. ఆకును అంత వేగంగా ధ్వంసం చేసే మందు తనను మోసుకెళ్లవలసిన నాళాలను కూడా అదే వేగంతో నిలిపివేసుకుంటుంది. తుంగ, గరిక సీ4 మొక్కలనీ, వాటిలో కాంతి శ్వాసక్రియ తక్కువ కనుక అమ్మోనియా తక్కువ పుట్టి అవి బతికిపోతున్నాయనీ ఒక వివరణ వినిపిస్తుంది. ఆ మాట పూర్తిగా నిలవదు. తోటకూర కూడా సీ4 మొక్కే, లేతగా ఉన్నప్పుడు ఈ మందుకు హాయిగా చస్తుంది. నైట్రేట్ దారిలో వచ్చే అమ్మోనియా దానికీ ఉంది, గ్లుటమిన్ కొరత దానికీ తగులుతుంది. తుంగను కాపాడేది భూమిలోని దుంప. లేబుల్‌లో తుంగ, గరిక పేర్లు కూడా ముద్రించి ఉన్నాయి, అయితే ఆ మాటను పై ఆకు మాడుతుందన్న అర్థంలో మాత్రమే తీసుకోవడం మంచిది.

మన దేశంలో ఈ మందుకు లేబుల్ అనుమతి పత్తికీ, తేయాకుకూ ఉంది. పత్తిలో హెక్టారుకు 2.5 నుంచి 3 లీటర్లు, అంటే ఎకరానికి ఇంచుమించు 1 నుంచి 1.2 లీటర్ల మందు, 200 లీటర్ల దాకా నీళ్లు కావాలి. మందు మోతాదు కన్నా నీళ్ల దగ్గరే మనవాళ్లు ఎక్కువగా కోత పెడతారు. ఎకరానికి ఐదారు ట్యాంకులతో ముగించడం అలవాటైపోయింది. పాకే గుణం ఉన్న గ్లైఫోసేట్‌తో అది చెల్లిందేమో గాని, ఏ ఆకు మీద పడితే ఆ ఆకునే చంపే ఈ మందుతో చెల్లదు. 16 లీటర్ల ట్యాంకుకు 80 నుంచి 95 మిల్లీలీటర్లు పోసి, కలుపు బాగా తడిసేలా కొడితేనే పైన చెప్పిన ఫలితం వచ్చింది. డీలర్లు చెప్పినట్టు ట్యాంకులో ఉప్పు వేయడం వల్ల స్ప్రేయర్ తుప్పు పట్టడం తప్ప నాకు ప్రయోజనం కనబడలేదు. బోరు నీళ్లు బాగా ఉప్పగా, చవుడుగా ఉన్నచోట అమ్మోనియం సల్ఫేట్ కలపడానికి మాత్రం శాస్త్రీయమైన ఆధారం ఉంది. ఇతర దేశాల లేబుళ్లలో ఆ సలహా ముద్రించి ఉంటుంది.

పత్తి మొక్క మీద పడితే పత్తి కూడా చస్తుంది. ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. గడ్డి మందును తట్టుకుంటుందంటూ దొంగచాటుగా అమ్మే పత్తి విత్తనం తట్టుకునేది గ్లైఫోసేట్‌ను. అది కూడా ఈ దేశంలో అనుమతి లేని విత్తనం. ఆ నమ్మకంతో గ్లూఫోసినేట్‌ను మొక్క పైనుంచి కొడితే కలుపుతో పాటు పంట కూడా మాడుతుంది. గ్లూఫోసినేట్‌ను తట్టుకోవాలంటే మొక్కలో వేరే జన్యువు ఉండాలి. ఈ విషాన్ని తయారు చేసే స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియమే తనను తాను కాపాడుకోవడానికి ఫాస్ఫినోత్రిసిన్‌కు ఎసిటైల్ గుంపును తగిలించి నిర్వీర్యం చేస్తుంది. ఆ పని చేసే బార్ అనే జన్యువు ఢిల్లీ విశ్వవిద్యాలయం తయారు చేసిన డీఎంహెచ్-11 ఆవాలలో ఉంది. ఆ ఆవాలకు 2022 అక్టోబరులో జన్యు ఇంజనీరింగ్ మదింపు సంఘం పర్యావరణ విడుదలకు సమ్మతి తెలిపినా, వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లి 2024 జూలైలో ఇద్దరు న్యాయమూర్తుల భిన్నమైన తీర్పులతో నిలిచింది. అదంతా ఆవాల సంగతి. మన బీటీ పత్తికి ఆ రక్షణ లేదు కాబట్టి నాజిల్‌కు రేకు హుడ్డో, ప్లాస్టిక్ హుడ్డో తగిలించి, నేలకు దగ్గరగా పెట్టి సాళ్ల మధ్యనే కొట్టాలి. పత్తి కాండం అడుగుభాగం గోధుమ రంగుకు తిరిగి బెరడు కట్టేదాకా ఆగడం ఇంకా మంచిది, ఎందుకంటే ఆకుపచ్చ కాండం కూడా మందును పీల్చుకుంటుంది. తుంపర పడిన అడుగు ఆకులు ఒకటి రెండు పోయినా, మందు మొక్కంతా పాకదు కనుక పంట కోలుకుంది. గ్లైఫోసేట్ తుంపర విషయంలో ఈ మాట చెప్పలేం. తుంగ దగ్గర లోపంగా కనిపించిన గుణమే పంట దగ్గర మేలు చేసిందన్నమాట.

నేలలో సూక్ష్మజీవులు దీన్ని త్వరగా విడగొడతాయి కనుక తర్వాత వేసే పంటకు ఇబ్బంది కనబడలేదు. దానికి మరోవైపు, కొట్టిన తర్వాత కొత్తగా మొలిచే గింజల మీద దీని ప్రభావం ఏమీ ఉండదు. ఒక మంచి వాన పడగానే రెండో విడత కలుపు వచ్చేసింది, దానికి మళ్లీ గుంటక తోలించక తప్పలేదు. ఒక్క సీసాతో కాలమంతా గడిచిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఒకే మందును ఏడాది తర్వాత ఏడాది వాడడం కూడా ప్రమాదమే. రాగి మొక్కను పోలిన ఒక కలుపు గడ్డి మలేసియాలో 2009 నాటికే దీన్ని తట్టుకుంది. అమెరికాలోని ఆర్కన్సాలో తోటకూర జాతి కలుపు ఒకటి మరింత తెలివైన దారి పట్టింది. హరితరేణువులోని గ్లుటమిన్ సింథటేజ్ జన్యువు ప్రతులను అది పెంచుకుంది. ఎంత ఎంజైమును మందు చెడగొట్టినా అమ్మోనియాను పట్టుకోవడానికి ఇంకా మిగిలే ఉంటుంది.

మనుషుల భద్రత విషయంలో ఈ మందుకున్న మెతక పేరు నాకు నచ్చలేదు. ప్రాణాంతకమైన పారాక్వాట్ అనే కలుపు మందుతో పోల్చి ఇది ఏమీ చేయదన్నట్టుగా దుకాణాల్లో మాట్లాడతారు. మన మెదడు కూడా అమ్మోనియాను గ్లుటమిన్ సింథటేజ్‌తోనే పట్టుకుంటుంది. పొరపాటున గాని, ఉద్దేశపూర్వకంగా గాని దీన్ని మింగినవారు మొదటి కొన్ని గంటలు మామూలుగా కనబడి, ఆ తర్వాత, కొందరు మర్నాడు, మూర్ఛలకూ శ్వాస వైఫల్యానికీ లోనవుతారు. కొందరిలో జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది, రక్తంలో అమ్మోనియా పెరిగినట్టు వైద్యులు నమోదు చేశారు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కాబట్టి మనిషి బాగానే ఉన్నాడని ఇంటి దగ్గర ఉంచుకోకుండా, సీసాతో సహా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి రెండు రోజులైనా పరిశీలనలో ఉంచాలి. సంతానోత్పత్తికి హాని చేయగలదన్న వర్గంలో ఐరోపా సమాఖ్య దీన్ని చేర్చింది, అక్కడ దీని అనుమతి 2018 జూలైతో ముగిసింది. మన చేలలో కలుపు తీసేది ఎక్కువగా ఆడకూలీలే. మందు ఆరని సాళ్లలోకి వారిని పంపకూడదు, గర్భిణులు సీసాను, స్ప్రేయర్‌ను ముట్టుకోకూడదు. చేతి తొడుగులు, పూర్తి చేతుల చొక్కా, బూట్లు లేకుండా కొట్టించే యజమానికి ఈ మందు కొనే అర్హత లేదని నా అభిప్రాయం.

ధర సంగతికి వస్తే, లీటరు సీసా ధర కంపెనీని బట్టి బాగా మారుతోంది. టన్నుల కొద్దీ చౌకగా వస్తున్న, ఈ మందు తయారీకి వాడే ముడి పదార్థాన్ని అరికట్టడానికి కేంద్రం 2024 జనవరిలో కిలోకు 1,289 రూపాయల లోపు ధరకు గ్లూఫోసినేట్ దిగుమతిని నిషేధించింది; చౌక సీసాల మీద దాని ప్రభావం పడకుండా ఉండదు. ఎకరానికి లీటరు లెక్కన, కొట్టే కూలితో కలిపి చూసినా, కూలీలు దొరకని వారంలో మనుషులతో కలుపు తీయించడం కన్నా ఇది మాకు తక్కువే పడింది. కూలీలు దొరికే ఊళ్లో, గుంటక తిరిగే సాళ్లలో ఆ లెక్క తారుమారవుతుంది. కొనేటప్పుడు సీసా మీద శాతం, తయారీ తేదీ, సీఐబీ (కేంద్ర పురుగు మందుల బోర్డు) రిజిస్ట్రేషన్ నంబరు చూసి, బిల్లు తప్పక తీసుకోవాలి. సీసా గట్టిగానే ఉంది, మూత లోపలి సీలు సరిగా ఊడింది, కొలత గీతలు స్పష్టంగా ఉన్నాయి. కరపత్రం మాత్రం అరచేయంత కాగితం మీద అనేక భాషల్లో ముద్రించడం వల్ల తెలుగు అక్షరాలు భూతద్దం లేనిదే కనబడవు. అందులో మోతాదు ఉంది, విషపు గుర్తు ఉంది, పంట కోతకు ముందు ఆగవలసిన రోజుల లెక్క ఉంది. ఏ వేళ కొట్టాలో, ఎండ ఎందుకు కావాలో, నీళ్లు తగ్గిస్తే ఏమవుతుందో చెప్పే వాక్యం ఒక్కటి కూడా లేదు. మా డీలర్ కూడా సాయంత్రం చల్లబడ్డాక కొట్టమనే సలహా ఇచ్చి పంపాడు.